కాటా మీద పార్సిల్ ఆఫీసు

వీపు మీద సుద్దముక్కతో ‘ఒకటి–పది’ అని రాసి ఉండగా నేను సికింద్రాబాద్ బజారంతా తిరిగిన రోజు ఒకటుంది. రాసింది మా ఆఫీసు హమాలీ. బన్సీలాల్‌పేట్‌లో మా ఇంటి మెట్లెక్కేదాకా ఆ సంగతి నాకు తెలియదు. దారి పొడుగునా జనం నన్ను చూసి నవ్వుతుంటే, కొత్త కోటు బాగుంది కాబోలు అనుకున్నాను. అది నా బరువని చెప్పాక మా ఆవిడ ఎగాదిగా చూసి, “గింతేనా?” అంది. పెళ్ళయి ఆరు నెలలే అయింది కనుక నవ్వి ఊరుకున్నాను.

అప్పుడు నేను రైల్వే పార్సిల్ ఆఫీసులో చిన్న గుమాస్తాను. జనం తెచ్చే పెట్టెలు, బుట్టలు, గోనె మూటలు తూచి, చీటీ రాసి, రైలెక్కించడం మా పని. ఆఫీసు నడిమధ్యలో నేలకు సమంగా ఒక పెద్ద కాటా ఉండేది. ఎద్దును తెచ్చి నిలబెట్టినా కిమ్మనేది కాదు. దాన్ని కొన్నది రైల్వేయే అయినా, దానికి మొగుడు మాత్రం మా కాటా సాబ్. ఆయన అసలు పేరు జీతం పుస్తకంలో తప్ప ఎక్కడా వినపడేది కాదు. ఓరుగల్లు వైపు తురక ఇంట్లో పుట్టి, మాకంటే మంచి తెలుగు మాట్లాడేవాడు. పాతికేళ్ళుగా ఆ కాటా పక్కనే నిలబడి, దండె మీద గుండును వేలితో జరుపుతూ బతికాడు.

రైల్వే మణుగుకు నలభై శేర్లు. మా రూలు ప్రకారం శేర్లను అయిదేసి చొప్పునే రాయాలి. ఆరు తూగితే పది, పదకొండు తూగితే పదిహేను. పైకి లాగడమే గాని కిందికి దించడం లేదు. ప్యాకింగును కూడా సరుకుతో కలిపే తూచాలి. ఈ రెండు రూళ్ళూ కాటా సాబ్‌కు రక్తంలో కలిసిపోయాయి. వయసెంత అంటే నలభై ఆరేళ్ళ మనిషి యాభై అనేవాడు. పిల్లలెందరు అంటే, ఉన్నది నలుగురు ఆడపిల్లలే అయినా, అయిదుగురు అనేవాడు. ఆ అయిదో పిల్లకు సంబంధం చూస్తానని మా హెడ్ బాబు ఏడిపిస్తే, రూలు రూలే అని గంభీరంగా తల ఊపేవాడు.

హెడ్ బాబు కోస్తా నుంచి వచ్చిన మనిషి. లావుగా, నిష్ఠగా ఉండేవాడు. మధ్యాహ్నం అందరం టీ పెట్టెలు బోర్లించుకుని గుండ్రంగా కూర్చుంటే, ఆయన మాత్రం కాస్త ఎడంగా పీట వేసుకుని, మాకూ తనకూ మధ్య పేపరు అడ్డం పెట్టుకుని తినేవాడు. అయితే కాటా సాబ్ వాళ్ళింటి చింతపండు పచ్చడి వచ్చిన రోజు ఆ పేపరు కింద నుంచి ఒక చెంచా బయటికి వచ్చేది. పులుపుకు మడి లేదని ఆయన సిద్ధాంతం.

మా దగ్గర ఇంకో ఆచారం ఉండేది. ఎవరి డబ్బా వాళ్ళు విప్పుకోకూడదు. పక్కవాడు విప్పాలి, విప్పినవాడిదే మొదటి ముద్ద. ఎవరింట్లో కూర మాడిందో, ఎవరింట్లో పోట్లాట అయిందో పన్నెండున్నర కల్లా ఆఫీసంతటికీ తెలిసిపోయేది. నా డబ్బా విప్పేది కాటా సాబ్. మా ఆవిడ వంట నేర్చుకుంటున్న రోజుల్లో ఆయన కళ్ళు మూసుకుని మొదటి ముద్ద మింగి, “బాగున్నది బేటా, నువ్వు సుత తిను,” అనేవాడు. అలాంటి త్యాగం సొంత మేనమామ కూడా చేయడు.

తరువాత పోలీస్ యాక్షన్ వచ్చింది. కొన్నాళ్ళు రైళ్ళు సరిగా నడవలేదు, ఆఫీసు సగం మూతపడింది. యూనియన్ మిలట్రీ లారీలు కంటోన్మెంటు వైపు పోతుంటే మేం తలుపు సందుల్లోంచి చూశాం. అందరం మళ్ళీ డ్యూటీకి వచ్చేసరికి నైజాం రాజ్యం పోయింది, మా నోళ్ళు కూడా పడిపోయాయి. జిల్లాల నుంచి వచ్చే కబుర్లు ఎవరూ పైకి చదివేవారు కాదు. ఎవరి డబ్బా వాళ్ళే విప్పుకుని, తలవంచుకుని తినడం షురూ చేశారు.

కాటా సాబ్ ఇంటికి తాళం ఉందని ఒక హమాలీ చూసి వచ్చి చెప్పాడు. పదిహేను రోజులకు కూడా ఆ తాళం పగలు తియ్యలేదట. బేగం ముందే కరాచీ వెళ్ళిపోయిందనీ, ఈయన ఇవాళో రేపో టికెట్ కొంటాడనీ ఆఫీసులో ఒక మాట పుట్టింది. ఎవరు పుట్టించారో తెలియదు, పెంచింది మాత్రం అందరం. పోయేవాణ్ణి పోతున్నావా అని అడగడానికి నోరు రాదు కదా. అందుకని ఎవరమూ అడగలేదు. ఆయన గోనె బేళ్ళ చాటుకు వెళ్ళి ఒక్కడే తినడం మొదలుపెట్టాడు. పోయే ముందు మనసు తెంపుకుంటున్నాడు కాబోలని మాకు మేమే సర్దిచెప్పుకున్నాం.

మూడు నెలలయ్యాక, చలికాలంలో, ఒక కొత్త ఆఫీసర్ వచ్చాడు. నాగపూర్ వైపు మనిషి, చిన్నవాడు, ఉత్సాహం ఎక్కువ. రాగానే మమ్మల్నందరినీ నిలబెట్టి ఉపన్యాసం ఇచ్చాడు. ఉద్యోగి ఒళ్ళు బాగుంటే పని బాగుంటుందట, ఉద్యోగులంతా అన్నదమ్ముల్లా ఉంటే ఒళ్ళు బాగుంటుందట. అందుకని మణుగూ పది శేర్లకు తక్కువ తూగే బక్కవాళ్ళందరికీ సర్కారు ఖర్చు మీద రోజూ ఒక లోటా పాలు. అంతదాకా ఎవరైనా నన్ను బక్కోడా అంటే కొట్టడానికి లేచేవాణ్ణి. ఆ రోజు మాత్రం ఛాతీ లోపలికి లాక్కుని నిలబడ్డాను.

ఎవరి ఆఫీసులో కాటా ఉంటే అక్కడే తూచి జాబితా పంపమన్నారు. ఇంకేం, మమ్మల్ని తూచేది కాటా సాబే. ఆయన మనుషులను కూడా మామిడిపళ్ళ బుట్టలు తూచినట్టే తూచాడు. ప్యాకింగుతో సహా అని చెప్పి, కోటు, చెప్పులు, టోపీ, చేతిలో గొడుగు దేన్నీ తీయనివ్వలేదు. హెడ్ బాబు మడత మీద మడత చుట్టిన తలపాగాతో ఎక్కి, దిగేటప్పటికి రెండు మణుగులూ ముప్పై అయిదు శేర్లయ్యాడు. కాటా సాబ్ తూకం అరవగానే హమాలీ అలవాటు కొద్దీ ఒక్కొక్కరి వీపు మీద సుద్దతో అంకె వేసి పక్కకు నెట్టాడు. నేను తూగింది గొడుగుతో కలిపి ఒక మణుగు తొమ్మిది శేర్లు. రాసింది ఒకటి–పది. పాలు రావాలంటే పదికి తక్కువ ఉండాలి.

చివర ఆయన తన టిఫిన్ డబ్బా చేత్తో పట్టుకుని తనే కాటా ఎక్కి, వంగి, గుండు జరుపుకుని, దిగి తనకూ ఒకటి–పది అనే రాసుకున్నాడు. మొత్తం మీద మా ఆఫీసులో ఒక్కడు కూడా బక్కవాడు తేలలేదు. పక్కనే ఉన్న గూడ్సు షెడ్డులో పధ్నాలుగు మంది తేలారు. వాళ్ళు రోజూ పదకొండింటికి మూతుల మీద పాల మీసాలతో మా కిటికీ ముందు నుంచి అటూ ఇటూ నడిచేవారు. పని ఉండి కాదు. నాకు ఒళ్ళు మండిపోయేది.

నాలుగో రోజు మా జాబితా చూసిన రైల్వే డాక్టరు స్వయంగా వచ్చాడు. కాగితం మీద వేలు పెట్టి, ప్రతి మనిషి బరువూ అయిదుతో గాని సున్నతో గాని ఎందుకు ముగుస్తోందని అడిగాడు. “మీ ఆఫీసువాళ్ళను దేవుడు అయిదేసి శేర్ల ముద్దలు చేసి పంపాడా?” అన్నాడు. కాటా సాబ్ వినయంగా రూళ్ళ పుస్తకం తెచ్చి చూపించాడు. డాక్టరు ఆ పుస్తకాన్నీ ఆయన్నీ మార్చి మార్చి చూసి, మర్నాడు మళ్ళీ తూచి ఉన్నది ఉన్నట్టు రాసి పంపాలని చెప్పి వెళ్ళిపోయాడు. ఉన్నది ఉన్నట్టే రాశాం కదా అని కాటా సాబ్ సాయంత్రం దాకా గొణుగుతూనే ఉన్నాడు.

ఆ మర్నాటి తూకం చూడాల్సింది. ప్యాకింగు రూలు ఎటూ మారదని తెలిసి, జనం ఇంటి దగ్గర నుంచే ప్యాకింగు తగ్గించుకుని వచ్చారు. చలికాలం పొద్దున్న పంచెలతో, బనీన్లతో వణుకుతూ వరసలో నిలబడ్డాం. నేను గడ్డం గీయించుకుని, గోళ్ళు తీసుకుని, రాత్రి భోజనం మానేసి వచ్చాను. ఒక హమాలీ ఒంటికాలి మీద నిలబడితే బరువు సగమవుతుందని ఎవరో చెబితే నమ్మి, కాటా మీద కొంగలా నిలబడి, తూలి కాటా సాబ్ మీద పడ్డాడు. హెడ్ బాబు పాలు తాగేవాడు కాదు, ఆయనకు అందే బరువూ కాదు. అయినా తలపాగా తీసి చంకలో పెట్టుకుని ఎక్కాడు. చంకలో ఉన్నా తూగుతుందని కాటా సాబ్ విసుక్కున్నాడు.

అప్పటికి పదిన్నర అయింది. ఇక మిగిలింది కాటా సాబ్ ఒక్కడే. మొదటిసారి తనను తానే తూచుకున్నాడని డాక్టరు తప్పుపట్టాడు. తూచేవాడి సరుకు ఇంకొకడు తూచాలని అదే రూళ్ళ పుస్తకంలో ఉంది. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టయింది ఆయన పని. నన్ను తూచమన్నారు. ఆయన ఎప్పట్లాగే టిఫిన్ డబ్బా పట్టుకుని ఎక్కబోతే, దాన్ని కింద పెడదామని చేత్తో అందుకున్నాను.

డబ్బా ఖాళీగా ఉంది. మూత తీయనవసరం లేదు. పార్సిల్ ఆఫీసులో నాలుగేళ్ళు చేసినవాడికి ఖాళీ డబ్బాకూ నిండు డబ్బాకూ తేడా మునివేళ్ళకే తెలుస్తుంది. భోజనానికి ఇంకా రెండు గంటలుంది. మూడు నెలలుగా గోనె బేళ్ళ చాటున ఈయన ఏం తింటున్నాడో నాకు ఒక్క క్షణంలో అర్థమైంది. డబ్బాను చప్పుడు కాకుండా కింద పెట్టి గుండు జరిపాను. కోటు వేసుకున్న మనిషి, ఒక మణుగు ఆరు శేర్లే తూగాడు. ఎండాకాలంలో పందెం వేసుకుని ఎక్కినప్పుడు ఒకటి–పదిహేడు ఉన్న మనిషి.

“ఆరు,” అన్నాను.

“పది రాయి,” అన్నాడు కాటా సాబ్.

ఆరే ఉందని నేను, ఆరైనా ఏడైనా పదేనని ఆయన. ఈ రూలు నీకు నేర్పింది నేనేనని గుర్తు చేశాడు. ఉన్నది ఉన్నట్టు రాయమన్నది డాక్టరని నేనన్నాను. డాక్టర్లు వస్తారు పోతారు, రూలు ఉంటుందని ఆయనన్నాడు. హెడ్ బాబు మధ్యలోకి వచ్చి, ఇద్దరికీ కాకుండా ఎనిమిది రాసేద్దామని కూరగాయల బేరం పెట్టాడు. ఇద్దరం కలిసి ఆయన మీద పడ్డాం. కౌంటరు దగ్గర జామకాయల బుట్ట పట్టుకుని నిలబడ్డ మనిషి, తన సరుకు తూచమని అడగడం మానేసి తమాషా చూస్తున్నాడు.

నాకు కోపం వస్తే నోటికి హద్దు ఉండదు. నిజానికి కోపం ఆయన మీద కాదు. ఆ ఖాళీ డబ్బా మీద, దాన్ని మూడు నెలలు చూడని నా మీద. ఆ సంగతి అప్పుడు నాకే తెలియదు.

“అయిదేసి లాగేది రైలెక్కే సరుకుకు సాబ్,” అన్నాను గొంతు పెంచి. “కిరాయి పడే సరుకుకు. మిమ్ముల ఏ టేషనుకు బుక్కు చెయ్యాలె? చెప్పుండ్రి, గది రాసి గప్పుడు పది రాస్త. కరాచీ రాయాల్నా?”

ఆ మాట అననే అన్నాను. హమాలీలు సుద్దముక్కలు పట్టుకుని అలాగే ఉండిపోయారు. హెడ్ బాబు తలపాగా చంకలోంచి జారిపోయింది. కాటా సాబ్ కాటా దిగలేదు. దండె వైపే చూస్తూ, నెమ్మదిగా, నేను సరుకు పేరు తప్పు చదివినట్టు అడిగాడు.

“కరాచీకి నేనెందుకు పోత బేటా? ఆడ నాకెవరున్నరు?”

“మరి బేగం సాబ?” అన్నాను.

“గుల్బర్గల ఉన్నది. చిన్నబిడ్డ కాన్పుకు పోయింది. గడబిడ షురూ అయింది, ఇగ రాలేదు. నేనే వద్దన్న, జెర నిమ్మళమైనంక రమ్మన్న.” అని ఆగాడు. “నాకు అన్నం వండుడు రాదు.”

అన్నం వండటం రాదని ఒప్పుకోవడం పాతికేళ్ళలో ఆయన చెప్పిన అతి పెద్ద రహస్యమేమో, చెవుల దాకా ఎర్రబడ్డాడు. తాళం సంగతి కూడా అప్పుడే బయటపడింది. ఒక్కడే ఇంట్లో ఉండబుద్ధి కాక, చీకటి పడేదాకా మసీదు అరుగు మీద కూర్చుని పడుకోవడానికి మాత్రం ఇంటికి పోయేవాడట. పొద్దున టీ, సాయంత్రం రెండు బన్నులు. చేతిలో డబ్బా లేకుండా వస్తే మేం అడుగుతామని రోజూ డబ్బా మాత్రం తెచ్చేవాడు.

“మూడు నెలల సంది ఒక్క మాట చెప్పలేదేంది సాబ్?” అన్నాను.

“మీరెవరన్న అడిగిన్రా?”

ఆయన అందులో నిష్ఠూరం ఏమీ పెట్టలేదు. బరువు ఎంత అంటే చెప్పినట్టు చెప్పాడు. ఆయన పోతాడని మేం చూపు తప్పించాం. మేం చూపు తప్పించడం చూసి, కాలం మారింది కదా, ఇక తనతో కూర్చోవడం మాకు ఇష్టం లేదని ఆయన అనుకున్నాడు. ఇంత చిన్న ఆఫీసులో, పది అడుగుల దూరంలో, ఇంత తెలివితక్కువతనం పట్టడం ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే.

కాటా సాబ్ మాత్రం అసలు విషయం వదల్లేదు. రూళ్ళ పుస్తకం ఇమ్మని చెయ్యి చాచాడు. కాటా మీదే నిలబడి, కళ్ళద్దాలు సర్దుకుని, ఆ పేజీ తీసి, వేలు పెట్టి ఒక్కొక్క మాటా చదివాడు. మళ్ళీ మొదటి నుంచి చదివాడు. బుక్ చేసిన సరుకులకు అనే ఉంది అందులో. బుక్ చెయ్యని సరుకు ఊసే లేదు. పాతికేళ్ళుగా ఆ వాక్యం ఆయన కళ్ళ ముందే ఉంది.

“నువ్వన్నది నిజమే. నేను ఏడికీ పోయేటోణ్ణి కాదు,” అన్నాడు పుస్తకం మూసి. “ఆరు రాయి.”

రాశాను. ఆ ఆరు సున్నలా వచ్చింది, కొట్టేసి మళ్ళీ రాశాను. కాటా సాబ్ దిగి, మా మొహాలన్నీ ఒకసారి చూసి, “ఆకలైతుంది బేటా,” అన్నాడు.

హెడ్ బాబు పోయి కౌంటరు తలుపు దించేశాడు. రైలు ఆలస్యమైనా, వాన కొట్టినా పొద్దుటి పూట ఆ తలుపు దించడం నేను చూడలేదు. జామకాయల మనిషి బయట నుంచి తలుపు బాదుతుంటే, పని ఉందని లోపల నుంచే కేక వేశాడు. తన పీటను ఈడ్చుకొచ్చి మా టీ పెట్టెల మధ్య వేశాడు. డబ్బాలన్నీ ఒకేసారి బయటికి వచ్చాయి. కాటా సాబ్ నా డబ్బాలోని మాడిన వంకాయ కూర, హెడ్ బాబు పెరుగన్నం, హమాలీల జొన్నరొట్టెలు ఏదీ వదలకుండా తిన్నాడు. మేం బనీన్లలో వణుకుతూ ఆయన నోట్లోకే చూస్తూ కూర్చున్నాం. నాకు ఏడుపొచ్చింది. వంకాయ కారం అని చెప్పి ముక్కు తుడుచుకున్నాను.

మర్నాటి నుంచి మా ఆఫీసుకు ఆరు లోటాల పాలు మంజూరయ్యాయి. అందులో ఒకటి నాది. పాలపొడి కలిపి, కిరసనాయిలు డబ్బాలో కాచిన ఆ పాలంత పాడు వస్తువు జన్మలో తాగలేదు. గూడ్సు షెడ్డువాళ్ళు అన్ని రోజులు మీసాలు తుడుచుకోకుండా తిరిగింది గర్వంతోనా, మూతికి చెయ్యి తగలడం ఇష్టం లేకనా అని అనుమానం వచ్చింది. కాటా సాబ్ మాత్రం తన లోటా చివరి చుక్కదాకా తాగేవాడు. రెండు నెలలకు బేగం సాబ గుల్బర్గా నుంచి రైలు దిగితే, సామాను మోయడానికి ఆఫీసంతా ప్లాట్‌ఫారం మీదికి పోయాం. ఆమె తెచ్చింది ఒక పెట్టె, ఒక మూట.

అయితే నాకు బాగా గుర్తుండిపోయింది పొద్దున పదిన్నరకు తిన్న ఆ భోజనమే. పదకొండు శేర్లు తగ్గాడు ఆయన. అందులో నా వంతు ఎంతో నాకు తెలుసు. తినడం అయ్యాక చేతులు కడుక్కుని, కోటు అంచుకు తుడుచుకుంటూ నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. తిడతాడేమో, తిడితే బాగుండు అనుకున్నాను.

“రేపేం తెస్తవ్ బేటా?” అని అడిగాడు.